ఏడు మెడపట్టీలు

మార్చి 8

ఆరో నంబరు పోయింది.

పొద్దున్నే ఇసుక దిబ్బ ఎక్కి ఏంటెనా తిప్పితే రిసీవరులో టిక్కు రెట్టింపు వేగంతో కొట్టుకుంటోంది. పన్నెండు గంటలు కదలకుండా పడి ఉంటేనే నక్కకు వేసిన రేడియో మెడపట్టీ అలా కొట్టుకుంటుంది. అంటే నక్క చచ్చిపోయినట్టు, లేదా పట్టీ ఊడిపోయినట్టు. నా పట్టీ ఊడదు. నాలుగేళ్ళు కూర్చుని చేసింది ఊడిపోవడానికి కాదు.

వెళ్ళి వెతికాను. ముళ్ళతుప్ప కింద, ఇసుకలో జానెడు లోతున దొరికింది. నక్క లేదు. ఎముక లేదు, రక్తం లేదు. పట్టీకి అంటుకున్న నాలుగు వెంట్రుకలు మాత్రం ఉన్నాయి. అది దానంతటది తెగలేదు. అంచు పనిముట్టుతో కోసినంత నున్నగా ఉంది.

సార్‌కు చూపించాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. "గద్ద ఎత్తుకుపోయి ఉంటుందమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ళు జంతువుల గురించి పాఠాలు చెప్పిన మనిషి! గద్ద పట్టీని కత్తిరిస్తుందా? కత్తిరించి పూడ్చిపెడుతుందా?

"ఇంకో రెండు వారాల్లో వెళ్ళిపోతున్నాం. ఇప్పుడు లేనిపోని గొడవలెందుకు?" అని కూడా అన్నారు.

ఎవరికి గొడవ?

మార్చి 9

ఇవన్నీ ఆఫీసు నోటుబుక్కులో రాయలేను. దాన్ని సార్ చూస్తారు. ఇది నా సొంతం. పెట్టె అడుగున బట్టల మధ్య దాస్తున్నాను. అయినా పొద్దున తీసేసరికి పెన్నుకు క్యాపు లేదు. నేనెప్పుడూ క్యాపు పెడతాను. పెడతాననే అనుకుంటున్నాను.

నక్క తోలుకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. ఇంత ఎడారిలో నక్కను వెతికి పట్టుకోవడం కష్టం కానీ, పట్టీ ఉన్న నక్కయితే రిసీవరు ఒక్కటుంటే చాలు, నేరుగా దాని బొరియ ముందుకు తీసుకెళ్ళి నిలబెడుతుంది. చుట్టుపక్కల రిసీవరు మా క్యాంపులో తప్ప ఎక్కడా లేదు. కాబట్టి దొంగ బయటివాడు కాదు.

క్యాంపులో ఉన్నది నలుగురం. నేను కాదు. సార్ మధ్యాహ్నమంతా మొహం మీద తడిగుడ్డ వేసుకుని పడుకుంటారు. దిబ్బ ఎక్కడానికే ఆయాసపడతారు. ఇది అయిపోగానే రిటైరవుతారు కూడా. ఇక వదిన. అన్నయ్య భార్య, పశువుల డాక్టరు. బోనులో పడ్డ ప్రతి నక్కకూ మత్తిచ్చి, తూచి, ఒళ్ళంతా పరీక్ష చేసేది తనే. రావలసిన డాక్టరు ఆఖరి నిమిషంలో చేతులెత్తేస్తే, మా వదిన ఉందని సార్‌కు చెప్పింది నేనే. నా మాట మీద వచ్చిన మనిషి నా దగ్గర గుట్టెందుకు చేస్తుంది?

మిగిలింది డ్రైవరు. అందరూ నిదానం అని పిలుస్తారు. జీపును నలభై దాటనివ్వడు, ఏం చెప్పినా "నిదానం అమ్మా, నిదానం" అంటాడు. మాకు వంట చేసేదీ అతనే. యాభై దాటాయి. నోట్లో నాలుక లేనట్టుంటాడు. అలాంటివాళ్ళనే కనిపెట్టి ఉండాలి.

మార్చి 10

రెండో నంబరు కూడా. అదే కోత.

మార్చి 11

రెండో నంబరు పట్టీ దొరికిన చోట టైరు గుర్తులున్నాయి. మా జీపువే. వెనక కుడి టైరు ఒక పక్కకు అరిగిపోయింది, ఆ గుర్తు నేనెక్కడైనా పోల్చగలను. అటువైపు వెళ్ళే పని ఈ రెండు రోజుల్లో ఎవరికీ లేదు.

టీ తాగేటప్పుడు ఏమీ తెలియనట్టు అడిగాను.

"మొన్న మధ్యాహ్నం జీపు తీసుకుని ఎటెళ్ళారు?"

"నీళ్ళకమ్మా. బావి దగ్గరికి."

బావి తూర్పున ఉంది. గుర్తులు పడమట ఉన్నాయి.

"బావికి మూడు గంటలు పట్టిందా?"

"నిదానంగా వెళ్ళానమ్మా."

వదిన తన గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. నవ్వు ఆపుకుంటోందో, ఇంకేమిటో. నేను తలెత్తేసరికి ఇద్దరూ చెరో దిక్కు చూస్తున్నారు.

మార్చి 12

శాటిలైట్ ఫోనులో మాట్లాడటానికి మనిషికి వారానికి పది నిమిషాలు. ఈ రోజు వదిన వంతు. గుడారం వెనక నిలబడి అన్నయ్యతో మాట్లాడుతోంది. నేను ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వెళ్ళాను. నిజంగా బట్టల కోసమే వెళ్ళాను.

"చెబితే గోల చేస్తుందండీ. మీ చెల్లెలి సంగతి మీకు తెలీదా? ఒకసారి చెప్పి చూశాగా... లేదు, సార్‌కూ తెలీదు. నాకూ నిదానం గారికీ, అంతే... ఇంకో నాలుగున్నాయి. వెళ్ళేలోపు అవీ అయిపోతే పీడా వదులుతుంది."

ఇంకో నాలుగు. ఒకటి, నాలుగు, ఐదు, ఏడు. పట్టీలున్న నక్కలు సరిగ్గా నాలుగే మిగిలాయి.

తర్వాత ఫోను నా చేతికిచ్చింది.

"ఏమే బుల్లీ, ఎలా ఉన్నావు?" అన్నాడు అన్నయ్య.

"నీ భార్యనడుగు. నా సంగతులన్నీ తనే చెబుతోందిగా" అన్నాను.

"ఎండదెబ్బ తగలకుండా చూసుకో" అని పెట్టేశాడు. చిన్నప్పుడు నన్ను ఎవరైనా ఒక్క మాటంటే కర్ర పుచ్చుకుని వచ్చేవాడు. ఇప్పుడు వాడూ అటే.

మార్చి 13

"ఒకసారి చెప్పి చూశా" అంది. ఏం చెప్పింది నాకు? ఎంత ఆలోచించినా ఒక్కటే గుర్తుకొస్తోంది. ఫిబ్రవరిలో మూడో నంబరు చచ్చిపడి ఉన్నప్పటి సంగతి. దాని మెడ చుట్టూ పుండు, పుండు నిండా పురుగులు. వదిన పట్టీ కిందికి చూపుడువేలు పెట్టబోయి, "చూడు, బిగుసుకుపోయింది" అంది.

"అన్నయ్యను చేసుకున్నంత మాత్రాన నా పనిలో కూడా వేలు పెట్టాలా?" అన్నాను.

"పెడదామంటే దూరడం లేదనే కదమ్మా చెబుతున్నా" అంది.

పోట్లాట కాదు. మాటకు మాట, అంతే. ఆ నక్క పాత ముళ్ళకంచెలో ఇరుక్కుని గీసుకుంది. నోటుబుక్కులో అలాగే రాశాను. నా పట్టీ బిగుసుకోదు. మెడ సన్నబడితే తనే జరిగి సరిపోతుంది, లావెక్కితే తనే వదులవుతుంది. అందుకే కదా అందరూ మెచ్చుకున్నది. ల్యాబులో రెండువేల పద్నాలుగు సార్లు లాగి చూశాను. వచ్చే నెల ఇంకో బృందం వాళ్ళ ఎడారిలో అరవై నక్కలకు నా పట్టీలే వేయబోతోంది. వాళ్ళు వెర్రివాళ్ళా?

వదినకు ఇదంతా కంటగింపు అనుకోను. అనుకోవాలని లేదు.

మార్చి 14

ఏడో నంబరు. ఒకటో నంబరు. రెండూ ఒకే రోజు.

వదిన కూనిరాగం తీస్తూ బట్టలుతుక్కుంది.

మార్చి 15

జీపు తాళం తీసేసుకున్నాను.

డీజిలు తక్కువగా ఉంది, ఇకనుంచి నేనే నడుపుతాను, నాకు తప్ప ఎవరికీ జీపుతో పనిలేదు అని సార్‌తో చెప్పాను. ఆయన మొహం మీది గుడ్డ తీయకుండానే సరేనన్నారు. నీళ్ళకు నిదానాన్ని నేనే పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. రానూ పోనూ ఒక్క మాట లేదు. క్యాను దింపుతూ మాత్రం, "ఎన్నాళ్ళమ్మా ఇలా?" అన్నాడు.

"వెళ్ళేదాకా" అన్నాను.

మొహం వాడిపోయింది. రాబడి పోయినవాడి మొహంలా ఉంది.

మార్చి 16

తాళం నా దిండు కింద ఉంది.

మార్చి 17

రెండు రోజులుగా ఏ పట్టీ పోలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?

మధ్యాహ్నం వదిన వచ్చి నా మంచం అంచున కూర్చుంది. "ఒక్కపూట జీపు ఇవ్వవే. బాలింతను చూసి రావాలి" అంది. ఐదో నంబరును బాలింత అంటుంది తను. నాలుగు కూనల్ని పెట్టింది, అవి ఇంకా బొరియ దాటి రావడం లేదు.

"పద, నేను తీసుకెళ్తాను."

"నువ్వొద్దు. నిదానం గారితో వెళ్తా."

"ఏం, నేనుంటే అడ్డమా?"

వదిన నా చెయ్యి పట్టుకుంది. "నీకో మాట చెప్పాలి. కోప్పడకుండా వింటావా?"

"చెప్పేదేదో సార్ ముందు చెప్పు" అన్నాను.

చెయ్యి వదిలేసింది. లేచి వెళ్ళిపోయింది. న్యాయమైన మాటయితే సార్ ముందు చెప్పడానికేం?

మార్చి 18

నాలుగో నంబరు. నేనొక్కదాన్నే వెళ్ళాను.

పట్టీ మెడకే ఉంది.

ఫొటో తీయలేదు. అక్కడే గొయ్యి తీసి పూడ్చేశాను. క్యాంపుకొచ్చి, సిగ్నలు అందలేదని ఆఫీసు నోటుబుక్కులో రాశాను.

వేటగాళ్ళకు టైము సరిపోలేదేమో. చంపి, తోలు తీసేలోపు నేను వచ్చేశానేమో.

మార్చి 19

గాలి. రోజంతా డబ్బాలు సర్దాను. ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్ళకు టైము సరిపోలేదు, అంతే.

మార్చి 20

రేపు ఆఖరి రోజు. ఎనిమిదికి సామాను లారీ వస్తుంది. సాయంత్రం ఆరులోపల మేము చెక్‌పోస్టు దాటాలి, పర్మిటు అంతవరకే. తర్వాత ఎవరి దారి వాళ్ళది. దొంగ చేతులు దులుపుకుని వెళ్ళిపోతాడు. అలా పోనివ్వను. రేపు పొద్దున్నే అతని సంచీ చూస్తాను.

మార్చి 21, పొద్దున 6.30

దొరికింది.

నిదానం పొయ్యి దగ్గరుండగా అతని గుడారంలోకి వెళ్ళాను. సంచీలో రెండు చొక్కాలు, మనవరాలి ఫొటో, జ్వరం మాత్రలు. అడుగున గుడ్డలో చుట్టి వైర్లు కత్తిరించే కట్టరు, తోలు గ్లవ్సు. గ్లవ్సుకు ఎండిన రక్తం, లేతరంగు వెంట్రుకలు.

సార్‌ను లేపాను. ముఖం కడుక్కుని వస్తున్నారు. ఇక వీళ్ళు ఏ మొహం పెట్టుకుని మాట్లాడతారో చూస్తాను.

అదే రోజు, పదకొండు దాటింది, ఐదో నంబరు బొరియ దగ్గర

మాట్లాడకూడదు, కదలకూడదు. అందుకని రాస్తున్నాను.

కట్టరూ గ్లవ్సూ టేబులు మీద పెట్టి, "ఎన్ని తోళ్ళు అమ్మారు?" అని అడిగాను.

నిదానం గారు వాటివైపు చూశారు. తర్వాత నావైపు చూశారు. "నా సంచీ తీశారామ్మా?" అన్నారు. కోపంగా కాదు. నమ్మలేనట్టు.

"అడిగిందానికి చెప్పండి."

"డాక్టరమ్మకు మాటిచ్చాను. ఆవిడ చెప్పమంటే చెబుతా."

"ఏమిటయ్యా ఇది?" అన్నారు సార్.

వదిన చేతిలో గ్లాసు కింద పెట్టి వచ్చింది. "కట్టరు నాది. గ్లవ్సూ నావే. అడిగేదేదో నన్నడుగు, ఆయన్ని కాదు" అంది. మందులపెట్టెలోంచి కెమెరా తీసి నా ముందు పెట్టింది. "ఇదిగో ఆరో నంబరు. ఇది రెండు. ఇది ఏడు. ఇది ఒకటి."

ప్రతి ఫొటోలోనూ ఒక మెడ. ప్రతి మెడ చుట్టూ బొచ్చు ఊడి, చర్మం చీలి, ఎర్రటి గీత. ఒక్కోదానికి రెండో ఫొటో కూడా ఉంది. పట్టీ లేదు, గాయానికి మందు రాసి ఉంది, నక్క నిలబడి ఉంది.

"ఒక్కదాన్నీ చంపలేదే, పిచ్చిదానా. నాలుగూ బతికున్నాయి. బోను పెట్టి పట్టుకుని, పట్టీ కోసేసి, మందు రాసి వదిలేశాం. పట్టీలు క్యాంపుకు తెస్తే నీ రిసీవరులో కొట్టుకుంటాయని అక్కడే పూడ్చిపెట్టాం."

నేను సాక్ష్యంగా దాచి, ఇప్పుడు కట్టరు పక్కనే తెచ్చి పెట్టిన ఆరో నంబరు పట్టీని నా చేతిలో పెట్టింది. "లాగు" అంది. లాగాను. సర్రున బిగిసింది. "ఇప్పుడు వదులు చెయ్యి."

రాలేదు. రెండు చేతులతో పట్టి గుంజాను. రాలేదు. అది జరగాల్సిన గాడి నిండా పిండిలాంటి ఇసుక. ల్యాబులో రెండువేల పద్నాలుగు సార్లు లాగాను. ఒక్కసారి కూడా ఇసుకలో పెట్టి లాగలేదు. దానికి బిగుసుకోవడం వచ్చింది, వదులవడం రాలేదు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. అరవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"చెప్పాను. ముళ్ళకంచె అన్నావు. సార్‌తో చెబితే ఆయన కాగితం మీద పెట్టాలి, పెడితే నీ నాలుగేళ్ళూ గంగలో కలుస్తాయి. ఇంటికొచ్చాక కూర్చోబెట్టి చెబుదామన్నాడు మీ అన్నయ్య. నాకూ అదే మంచిదనిపించింది. తప్పే చేశానేమో. కానీ నక్కలు ఇంటికొచ్చేదాకా ఆగలేవుగా." కెమెరా మళ్ళీ పెట్టెలో పెడుతూ అంది. "రెండు మిగిలాయి. నాలుగు, ఐదు. ఆరు రోజులుగా తాళం నీ దిండు కింద ఉంది."

అప్పుడు చెప్పాను. "నాలుగో నంబరు లేదు. పద్దెనిమిదో తారీఖున నేనే పూడ్చాను. మెడకు పట్టీ ఉంది. చూశాను."

వదిన మొహం పక్కకు తిప్పుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సార్ గొంతు సవరించుకున్నారు. "సరే, అయిందేదో అయింది. లారీ వచ్చే టైమైంది, సర్దండి."

నేను వెళ్ళి దిండు కింది తాళం తెచ్చి నిదానం గారి చేతిలో పెట్టాను. "క్షమించండి" అన్నాను.

"ముందు నక్క సంగతి చూద్దాం పదండి" అన్నారు. నావైపు చూడలేదు. ఇవాళ జీపు అరవైలో పోయింది.

బొరియకు మూడు నోళ్ళున్నాయి. రెండు గోనెసంచులతో మూశాం. మూడోదాని ముందు బోను పెట్టి, ఈ తుప్ప నీడలో కూర్చున్నాం. రిసీవరులో టిక్కు మామూలుగానే ఉంది. అంటే కదులుతోంది. అప్పుడప్పుడు లోపలినుంచి కూనలు కీచుమంటున్న చప్పుడు వస్తోంది. సార్ లారీలో ముందు వెళ్ళిపోయారు, చెక్‌పోస్టు దగ్గర ఉంటానన్నారు. మేము ఇక్కణ్ణుంచి నాలుగింటికల్లా కదలాలి.

నేను కూడా వస్తానంటే వదిన వద్దనలేదు. రమ్మనీ అనలేదు.

అదే రోజు, సాయంత్రం, చెక్‌పోస్టు గది

రెండు గంటలకు బోను తలుపు టప్పున పడింది. పరుగెత్తుకెళ్ళి చూస్తే లోపల ఉన్నది తల్లి కాదు, కూన. నా అరిచేతిలో పట్టేంత ఉంది. ఇల్లెగిరిపోయేట్టు అరుస్తోంది.

"తీసెయ్యనా?" అన్నాను.

"ఉండనీ" అంది వదిన. "పిల్ల అరుస్తుంటే ఏ తల్లీ లోపల కూర్చోదు."

బాలింత బోనువైపు రాలేదు. మాకు తెలియని నాలుగో నోరు ఒకటుంది, మేము కూర్చున్న తుప్పకు వెనకే. అక్కణ్ణుంచి వచ్చింది. మొదట చూసింది నిదానం గారు. నా మోచెయ్యి తాకి, కళ్ళతో చూపించారు. పది అడుగుల దూరంలో నిలబడి ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. తల ఒక పక్కకు వాల్చి పెట్టుకుంది, నిటారుగా పెట్టలేక. మేము కనబడుతున్నా పారిపోలేదు. బోనువైపే చూస్తోంది.

నిదానం గారు దుప్పటి విప్పి పట్టుకుని లేచారు. ఒక అడుగు వేసి ఆగారు. అది చెవి తిప్పితే ఆగిపోయారు, కూన అరిస్తే ఇంకో అడుగు వేశారు. ఆ పది అడుగులకు పావుగంట పట్టి ఉంటుంది. దుప్పటి పడగానే నేను మీద పడ్డాను. ఎడమచేతి మణికట్టు మీద కరిచింది. వదల్లేదు, అదీ నేనూ కూడా.

"తల పట్టుకో! గట్టిగా కాదు, మెడ తగలకుండా!" అని అరుస్తూనే వదిన సూది వేసింది.

మత్తెక్కాక పట్టీ కోసింది. తీస్తుంటే దాంతో పాటు చర్మం వచ్చింది. వాసనకు నిదానం గారు ముక్కు మూసుకున్నారు. ఒక పక్క గాయం వేలు లోతున ఉంది. వదిన పురుగుల్ని ఒక్కొక్కటిగా తీసి, కడిగి, మందు పెట్టి, రెండు ఇంజక్షన్లిచ్చింది. నేను దాని తల పట్టుకుని కూర్చున్నాను. నా మణికట్టు రక్తమూ దాని మెడ రక్తమూ ఒకే గుడ్డకు అంటుకున్నాయి.

దాని పని అయ్యాక నన్ను పట్టుకుంది. నిదానం గారు క్యానుతో నీళ్ళు పోస్తుంటే, సబ్బుతో పావుగంట సేపు నా చెయ్యి రుద్దింది. ఈ ఎడారికి బయలుదేరేముందే మేమందరం కుక్కకాటు టీకాలు వేయించుకున్నాం. అయినా ఇంకో డోసు పొడిచింది. "మూడో రోజు ఇంకోటి. తప్పించుకుంటే ఊరుకోను" అంది.

"బతుకుతుందా?" అని అడిగాను.

"తెలీదు. పాలిస్తోంది, తిండి కావాలి. వేటాడగలిగితే బతుకుతుంది. ఆరు రోజుల ముందైతే బతుకుతుందని ధైర్యంగా చెప్పేదాన్ని."

నాలుగుంబావుకు బాలింత లేచి నిలబడింది. తూలింది. కూనను వదిలాం. అది తల్లి కాళ్ళ కిందికి దూరింది. రెండూ లోపలికి వెళ్ళాక గోనెసంచులు తీసేసి, వెనక్కి చూడకుండా జీపెక్కాం.

ఆరుకు పది నిమిషాలుందనగా చెక్‌పోస్టు చేరాం. సార్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా రిజిస్టరు. బయటికి వెళ్ళే ప్రతి బృందమూ అందులో రాసి సంతకాలు పెట్టాలి. "పరిశోధన వల్ల జంతువులకు జరిగిన హాని" అని ఒక గడి ఉంది. అందులో సార్ ముత్యాల్లాంటి అక్షరాలతో "లేదు" అని రాసి పెట్టారు.

"సంతకం పెట్టమ్మా" అని పెన్ను ఇచ్చారు. నేను తీసుకోలేదు. గొంతు తగ్గించారు. "సాంకేతిక లోపం వల్ల పట్టీలు పనిచేయలేదు, రెండు నక్కలు చనిపోయాయి అని రిపోర్టులో నేను రాస్తా. అందులో అబద్ధమేముంది? నీ పట్టీని తర్వాత నువ్వే బాగు చేసుకో. ఇది నా సర్వీసులో ఆఖరి రిజిస్టరు."

ఆయన మీద జాలేసింది. నా మీద అంతకంటే ఎక్కువే వేసింది. అందులో అబద్ధం లేదు నిజమే. అలాంటి అబద్ధం లేని మాటలు ఈ రెండు వారాలూ నేను చాలా రాశాను.

పెన్ను తీసుకుని "లేదు" కొట్టేశాను. పక్కన రాశాను. రెండు నక్కలు చనిపోయాయి, ఐదు గాయపడ్డాయి. కారణం మెడపట్టీలు. అవి చేసిందీ వేసిందీ నేను. రెండో చావును మూడు రోజులు దాచింది కూడా నేనే. సంతకం పెట్టాను.

సార్ నా చేతిలోంచి పెన్ను తీసుకోలేదు. లేచి వెళ్ళి జీపులో కూర్చున్నారు.

చెక్‌పోస్టు గార్డు రెండుసార్లు చదువుకున్నాడు. "ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్నా, ఈ గడిలో ఎవరూ ఏమీ రాయలేదు మేడమ్. ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు. ఎవరికో ఫోన్ చేశాడు. రేపు అధికారి వచ్చేదాకా రాసినవాళ్ళు ఇక్కడే ఉండాలట. తాళం లేని ఒక గది, ఒక మంచం చూపించాడు. అతని ఫోనులోంచే ఆ రెండో బృందానికి చేశాను. అరవై పట్టీలూ పెట్టెల్లోనే ఉంచండి, ఒక్కటీ వేయకండి అని చెప్పాను. అటువైపు ఎవరో ఆవిడ, "అంత గట్టిగా చెప్పడానికి మీరెవరండీ?" అంది. చెప్పాను.

నిదానం గారు నా పెట్టె దింపారు. ఏదో ఒకటి అనకపోతే ఆ క్షణం దాటిపోతుందనిపించింది.

"మీ సంచీ నేను తెరిచి ఉండకూడదు" అన్నాను.

"మా ఆవిడ కూడా అడక్కుండా తీయదమ్మా నా సంచీ" అన్నారు. పెట్టెను గోడవారగా జరిపారు. "బాధగానే ఉంది. లేదని చెప్పలేను. చెయ్యి తడవనివ్వకండి." జీపు స్టార్టయింది.

స్టార్టయిన జీపు ఆగింది. వదిన దిగింది. మందులపెట్టె ఒక చేతిలో, బట్టల సంచీ ఒక చేతిలో.

"నువ్వెందుకు దిగావు?"

"ఆ గాయాలు ఎంత లోతో, ఎప్పుడు ఎలా ఉన్నాయో రేపు ఆ అధికారికి ఎవరు చెబుతారు, నువ్వా? నీ లెక్కలో అవన్నీ ముళ్ళకంచెలేగా" అంది. మంచం మీద కూలబడింది. "జరుగు. కాళ్ళు లాగేస్తున్నాయి."

జరిగాను. తర్వాత తనే శాటిలైట్ ఫోను తీసి అన్నయ్యకు కలిపింది. "రేపు మేము రావడం లేదండీ... ఎందుకంటే... మీ చెల్లెలే చెబుతుంది" అని నా చేతిలో పెట్టింది.

"బుల్లీ? ఏమైంది?" అంటున్నాడు అన్నయ్య.

"నా వల్ల రెండు నక్కలు చచ్చిపోయాయి అన్నయ్యా" అన్నాను.

పైకి అనడం అదే మొదటిసారి. రాసినంత తేలిగ్గా లేదు. సగంలో ఆగిపోయాను. మిగతా సగం వదిన అందుకోబోతే, వద్దని చెయ్యి ఊపి, నేనే చెప్పాను.